ఆవగింజల దగ్గరే ఆగిన పాఠం

2015లో ఛత్తీస్‌గఢ్ పదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం వార్తల్లోకి ఎక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆడవాళ్ళు అన్ని రంగాల్లో ఉద్యోగాలకు రావడం వల్ల మగవాళ్ళలో నిరుద్యోగం పెరిగిందని అందులో రాశారు. జష్‌పూర్‌కు చెందిన ఒక యువ ఉపాధ్యాయిని రాష్ట్ర మహిళా కమిషన్‌కు ఫిర్యాదు చేయబట్టి సంగతి బయటపడింది. అది రాసినవారి అభిప్రాయమనీ, తరగతిలో దాన్ని ఎలా వివరించాలన్నది ఉపాధ్యాయుల చేతిలో ఉందనీ అధికారుల వైపు నుంచి సమాధానం వచ్చింది.

పరీక్షలో నిరుద్యోగానికి కారణాలు రాయమంటే పిల్ల ఏం రాయాలి? పుస్తకంలో ఉన్నది రాస్తేనే మార్కులు. ఆ పిల్ల తల్లి పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని రాయ్‌పూర్ కూలీల అడ్డాలో నిలబడే రేజా అయి ఉండవచ్చు. ఇళ్ళ కట్టుబడిలో ఇటుకలు, సిమెంటు తట్టలు మోసే ఆడమనిషిని ఇక్కడ రేజా అంటారు. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, తునికాకు కోసి కట్టలు కట్టేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. వీళ్ళు స్వాతంత్ర్యం వచ్చాక కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళా? తల మీద తట్ట ఉన్నంతకాలం ఆమె చేసేది ఆ పుస్తకం లెక్కలో ఉద్యోగం కాదు. కుర్చీలో కూర్చోగానే మాత్రం మగవాడి నోటికాడి కూడు లాక్కున్నదైపోతుంది.

ఆ పుస్తకాన్ని పత్రికలు అప్పుడే ఉతికి ఆరేశాయి. నేను మాట్లాడదలచుకున్నది మన పాఠాల గురించి. ఆదివారం పూట విహారాల్లో, బస్తీల్లో పిల్లలకు మనం చెప్పే ధమ్మ తరగతులు, జయంతి సభల్లో మన ఆడపిల్లల చేత చెప్పించే ఉపన్యాసాలు. వాటిలో స్త్రీలు లేరని ఎవరూ అనలేరు. పాయసం పెట్టిన సుజాత ఉంది. ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగిన కిసాగోతమి ఉంది. మతి చెదిరి వీధిన పడ్డ పటాచార ఉంది. మామిడితోట దానమిచ్చిన అంబపాలి ఉంది. పిడకలు చేసి సంసారం ఈదిన మాతా రమాబాయి ఉంది. ఒకరు పెట్టారు, ఒకరు ఏడ్చారు, ఒకరు ఇచ్చారు, ఒకరు ఓర్చుకున్నారు. వీళ్ళలో ఆలోచించినవాళ్ళు, వాదించినవాళ్ళు, ఇది కావాలని అడిగినవాళ్ళు ఎవరని పిల్లలను అడిగి చూడండి. పిల్లల దగ్గర జవాబు ఉండదు, మనం చెప్పలేదు కాబట్టి.

కిసాగోతమి సంగతే తీసుకుందాం. చచ్చిన బిడ్డను భుజాన వేసుకుని మందు అడగడం, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు చెప్పడం, ఆమెకు సత్యం తెలియడం – ఈ కథ మన పిల్లలందరికీ నోటికి వచ్చు. ఆ కథ అట్ఠకథల్లోది, అంటే తర్వాతి కాలపు వ్యాఖ్యానాల్లోది. థేరీగాథలో కిసాగోతమి పేరున ఉన్న గాథలో ఆవగింజలు లేవు. మంచి స్నేహితుల విలువతో అది మొదలవుతుంది. స్త్రీగా బతకడంలోని దుఃఖాన్ని బుద్ధుడే చెప్పాడని గుర్తుచేసి, సవతుల మధ్య బతుకును, కాన్పు నొప్పులను, ఆ బాధ తాళలేక గొంతు కోసుకున్నవాళ్ళను, విషం తిన్నవాళ్ళను చెబుతుంది. పొరుగింటి ఆవాల కథ చావు గురించిన పాఠం. ఆమె తన నోటితో చెప్పింది ఆడవాళ్ళ బతుకు గురించిన పాఠం. మనం మొదటిది చెప్పి రెండోదాన్ని వదిలేస్తున్నాం. కథలో బోధించేవాడు బుద్ధుడు, వినేది ఆమె. గాథలో మాట్లాడేది ఆమె. ఈ తేడా చిన్నది కాదు.

పటాచార విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భర్త, ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువు అందరూ పోయి ఆమె పిచ్చిదైందన్న కథను పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుని వింటారు. ఆమె పేరున ఉన్న అయిదు పద్యాల గాథలో ఆ చావుల ప్రస్తావనే లేదు. పొలం దున్ని విత్తనం చల్లినవాళ్ళకు పంట చేతికొస్తుంది, శీలం తప్పకుండా గురువు మాట ప్రకారం నడుస్తున్న నాకు నిబ్బానం ఎందుకు అందలేదని అడుగుతుంది. ఓ రోజు కాళ్ళు కడుక్కుంటుంటే నీళ్ళు పల్లానికి పారడం చూస్తుంది. దీపం తీసుకుని గదిలోకి పోతుంది. సూదితో వత్తిని కిందికి లాగుతుంది. దీపం ఆరిపోయినప్పుడే మనసుకు విడుదల. రోజూ చేసే పనిలో తన మనసును తానే పరీక్షించుకున్న మనిషి ఆ గాథలో ఉంది. సంఘంలో ఎందరో స్త్రీలకు గురువైన మనిషి. మనం మాత్రం ఆమెను వీధిలో, ఒంటి మీద బట్ట లేని స్థితిలోనే వదిలేసి వస్తున్నాం.

థేరీగాథలో 73 గాథలున్నాయి. సూసీ తారు, కె. లలిత కూర్చిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంకలనం 1991లో వచ్చినప్పుడు దాని మొదటి సంపుటం ఈ గాథలతోనే మొదలైంది. విశ్వవిద్యాలయాల్లో స్త్రీల అధ్యయనం చదివే విద్యార్థులు వాటిని చదువుతారు. త్రిశరణాలు కంఠతా వచ్చిన మన పిల్లకు వాటి పేరు కూడా తెలియదు. ఎవరి ఇంటి సొత్తు ఎవరి దగ్గరుందో చూడండి!

సోమ గాథ ఒక్కటి చెబితే చాలు, తరగతి నిటారుగా కూర్చుంటుంది. రెండు వేళ్ళ తెలివి ఉన్న ఆడదానికి ఋషులు చేరే స్థానం అందదని మారుడు ఎగతాళి చేస్తాడు. అన్నం ఉడికిందో లేదో రెండు వేళ్ళతో మెతుకు నలిపి చూసుకునే తెలివి అని దానికి వ్యాఖ్యానకారులు చెప్పిన అర్థం. మన వంటింట్లో ఇప్పటికీ జరిగే పనే. మనసు నిలకడగా ఉండి, జ్ఞానం నడుస్తున్నప్పుడు ఆడతనం అడ్డేమిటని సోమ తిప్పికొడుతుంది. ఇంటి దగ్గర, బడిలో, పంచాయతీలో ఆ ఎగతాళిని ఏదో ఒక రూపంలో వినని ఆడపిల్ల ఉండదు. జవాబు రెండున్నర వేల ఏళ్ళ నాటి నుంచీ ఉందని తెలియడం ఆమెకు అవసరం.

పుణ్ణిక గాథ ఛత్తీస్‌గఢ్‌లో మరీ అవసరం. నీళ్ళు మోసే దాసి ఆమె. యజమానురాళ్ళ కోపానికి భయపడి చలిలో ఏట్లోకి దిగుతుంది. అక్కడే పాపం కడుక్కోవడానికి వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుడిని నిలదీస్తుంది. నీటిలో మునిగితే పాపం పోయేటట్టయితే కప్పలు, తాబేళ్ళు, మొసళ్ళు అన్నీ స్వర్గానికి పోవాలి కదా అంటుంది. ఏరు పాపాన్ని కొట్టుకుపోతే పుణ్యాన్ని కూడా కొట్టుకుపోదా అని అడుగుతుంది. ఈ రాష్ట్రంలో టోన్‌హీ అని, అంటే మంత్రగత్తె అని ముద్రవేసి ఆడవాళ్ళను హింసించడం ఎంతగా ఉందంటే 2005లో దానికోసం ప్రత్యేకంగా చట్టం తేవలసి వచ్చింది. ఒక స్త్రీని టోన్‌హీ అనడమే నేరం. ఆ పేరుతో హింసిస్తే అయిదేళ్ళ దాకా జైలు. చట్టం చదివినదానిగా నా అనుభవం ఏమిటంటే, కేసు పోలీస్ స్టేషన్ దాకా వచ్చేసరికి ఆ ఆడమనిషికి ఊరు పోయి ఉంటుంది. పశువు చచ్చింది, బిడ్డకు జ్వరమొచ్చింది, ఆమె చూపు తగిలింది అనే మాటను మొదటిసారి విన్నప్పుడే ‘అదెలా?’ అని అడిగే పిల్ల కావాలి. ఆ అడగడం పుణ్ణిక నేర్పుతుంది. మన తరగతిలో ఆమెకు చోటు లేదు.

ఇదే ఛత్తీస్‌గఢ్ నేల మీద ఒక తెలుగు స్త్రీ ఈ పనికి పూనుకున్న సంగతి ఇక్కడి తెలుగువాళ్ళకే తెలియదు. భండారు అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. భర్త ఉద్యోగం సెంట్రల్ ప్రావిన్సుల్లో కావడంతో అక్కడే ఉండి మరాఠీ, హిందీ పుస్తకాలు చదివింది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం వెలువరించింది. తెలుగులో ఒక స్త్రీ రాసిన మొదటి స్త్రీల చరిత్ర అది. 1905 జనవరిలో, ముప్పై ఒక్కేళ్ళు నిండకుండానే, బిలాస్‌పూర్‌లో కన్నుమూసింది. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్‌కు రైలులో రెండు గంటల దారి. ఆ రైళ్ళను నడిపిన రైల్వేలో పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్ళ సంక్రాంతి, ఉగాది సభల్లో ఆమె పేరు నేను వినలేదు.

ఆ పుస్తకాన్ని ఆరాధించాల్సిన పని కూడా లేదు. పేరులోనే ఇబ్బంది ఉంది. అబలలు కారని చూపడానికి రాసిన పుస్తకానికి అబల అన్న పేరే పెట్టాల్సి వచ్చింది. సచ్చరిత్ర ఉన్నవాళ్ళకే దండలో చోటు. రాణులు, పతివ్రతలు, విదుషీమణులు దొరుకుతారు గాని నీళ్ళు మోసే పుణ్ణికలు దొరకరు. ఆ కాలపు అగ్రకుల సంస్కరణకు అంతే చూపు ఉంది. కానీ ఆడది తెలివితక్కువదన్న మాటకు జవాబు ఏడుపుతో కాక ఆధారాలతో చెప్పాలని ఆమె గ్రహించింది. మూడు భాగాలు రాయాలనుకుంది. రెండో భాగంలో వేద, పురాణ స్త్రీలతో పాటు బౌద్ధ స్త్రీలు ఉండాలని ఆమె సంకల్పం. అది పుస్తకంగా పూర్తికాకముందే పోయింది. నూట ఇరవై ఏళ్ళుగా ఆ భాగం కోసం మనం ఏం చేశాం? ఆవాల కథ చెప్పుకున్నాం.

పిల్లలను మనం సిర్‌పూర్‌కు తీసుకెళ్తాం. రాయ్‌పూర్‌కు 80 కిలోమీటర్ల దూరం, మహానది ఒడ్డు. 1950లలో తవ్వకాల్లో బయటపడిన ఆనందప్రభు కుటీ విహారం దగ్గర గంటసేపు నిలబెడతాం. ఇటుకల లక్ష్మణ గుడి దగ్గర అయిదు నిమిషాల్లో ముగించి బస్సెక్కిస్తాం, అది మనది కాదని. ఆ గుడిని కట్టించింది వాసటా రాణి, మహాశివగుప్త బాలార్జునుడి తల్లి. కట్టించింది స్త్రీ, లోపలి దేవుడు విష్ణువు, జనం నోట నిలిచిన పేరు లక్ష్మణుడిది. గైడ్లు దాన్ని చనిపోయిన భర్త మీద ప్రేమకు గుర్తుగా చెప్పి ముగిస్తారు. రాణి పేరు శాసనం వల్ల దక్కింది. ఆ ఇటుకలు కాల్చి మోసినవాళ్ళ గురించి శాసనానికి పట్టలేదు. విహారం మనదా, గుడి వాళ్ళదా అన్న తగాదా పక్కన పెడితే అక్కడ ఒక పూట పాఠం ఉంది.

మన శిలల మీదా ఇదే చూపుతో చదవాల్సినవి ఉన్నాయి. అమరావతిలో విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు. దళిత బౌద్ధులమైన మనం ఆ శాసనాన్ని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అందులో తండ్రి పేరు నాగుడని ఉంది, కొడుకు పేరూ నాగుడని ఉంది. తల్లి, భార్య, కూతుళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు లేవు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక తన పేరుతోనే చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకచోట పేరెందుకు నిలిచింది, ఇంకోచోట ఎందుకు నిలవలేదని పిల్లలను ఆలోచించనివ్వాలి. ఆస్తి ఎవరి చేతిలో ఉందన్న దగ్గరికి వాళ్ళే వస్తారు.

ఆస్తి అంటే హిందూ కోడ్ బిల్లు గుర్తొస్తుంది. మన పాఠంలో అది బాబాసాహెబ్ ఆడవాళ్ళకు ఇచ్చిన కానుక. 1951లో ఆయన మంత్రి పదవి వదులుకోవడానికి అది ఒక పెద్ద కారణం, ఆ త్యాగాన్ని ఎవరూ తగ్గించలేరు. కానీ 1942 జూలై 20న నాగపూర్‌లో సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షతన అణగారిన వర్గాల మహిళల మహాసభ జరిగింది. వేలాది మంది స్త్రీలు వచ్చారు. విడాకుల హక్కు కావాలని, బహుభార్యాత్వం ఆగాలని, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళకు సెలవులు కావాలని తీర్మానాలు చేశారు. అప్పటికి బాబాసాహెబ్ న్యాయశాఖ మంత్రి కాలేదు. అడిగినవాళ్ళు ముందున్నారు, చట్టం తర్వాత వచ్చింది. ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్ ఆ తరం స్త్రీలను వెతికి వెతికి కలిసి మరాఠీలో 1989లో వాళ్ళ చరిత్ర పుస్తకం తెచ్చారు. కానుకగా చెప్పిన హక్కును పిల్ల కృతజ్ఞతతో తీసుకుంటుంది. అడిగి సాధించుకున్నదని తెలిస్తే, అమలుకానప్పుడు మళ్ళీ అడుగుతుంది. పుట్టింటి ఆస్తిలో వాటా వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి వచ్చే అక్కచెల్లెళ్ళు మన బౌద్ధ కుటుంబాల్లోనే ఎంతమంది లేరు!

ఇలా చెబుతూ పోతే పిల్లలు భిక్ఖుణీల మీద పెట్టిన ఎనిమిది గరుధమ్మాల గురించీ అడుగుతారు, ధమ్మం మీద శంక పుడుతుంది అని మిత్రులు అంటారు. అడగనివ్వండి. స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమన్న విమర్శ వచ్చినప్పుడు బాబాసాహెబ్ మౌనంగా ఉండలేదు. 1951లో ‘మహాబోధి’ పత్రికలో జవాబు రాశారు. స్త్రీల వైపు చూడవద్దని బుద్ధుడు ఆనందుడితో అన్నట్టున్న మాటలు ఆయన నోటివి కావని, తర్వాత భిక్షువులు చేర్చినవని వాదించారు. విశాఖతో, అంబపాలితో, మహాప్రజాపతితో బుద్ధుడు నడుచుకున్న తీరును సాక్ష్యంగా పెట్టారు. సాక్షి ఎవరు, ఈ మాట రాసి పెట్టింది ఎవరు, అందులో వాళ్ళకేం ప్రయోజనం – కోర్టులో సాక్ష్యాన్ని తూచినట్టు తూచారు. ఆయన నిర్ణయంతో ఏకీభవించని పండితులు ఉన్నారు. ఆ పద్ధతిని మాత్రం పన్నెండేళ్ళ పిల్లకు కూడా నేర్పవచ్చు. ఆ పద్ధతి వచ్చిన పిల్ల 2015 నాటి పదో తరగతి పుస్తకాన్ని చదివినా మోసపోదు.

మా దగ్గర ఒక చిక్కు ఉంది. రాయ్‌పూర్‌లో మా తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది హిందీ. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. పుణ్ణిక, సోమ, పటాచార, కిసాగోతమి, రోలు రోకలి పీడా వంకర మొగుడి పీడా వదిలిందన్న ముత్త – ఈ అయిదుగురి గాథలు పిల్లలకు అర్థమయ్యే తెలుగులో, అట్ఠకథ కథ వేరుగా గాథ వేరుగా కనబడేటట్టు, నాగరి లిపిలో కూడా అచ్చువేస్తే ముప్పై పేజీలు దాటదు. పాళీ తెలిసిన పాఠకులు ఎవరైనా చేయి వేస్తే వచ్చే వర్షావాసానికి మా ఆదివారం తరగతిలో దాన్ని చదివిస్తాం.