పస్ సెల్స్ పంచాయితీ

ఉమ్రి నుంచి మా మేనత్త మనవడు ఈ వారం వాట్సాప్‌లో ఆమె యూరిన్ రిపోర్టు పంపాడు. పస్ సెల్స్ దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఫోన్ చేసి అడిగితే, "మంట లేదు, జరం లేదు. మోకాళ్ళ నొప్పులని పోతే గోలీలు రాసిండ్రు, మింగుతున్న" అంది అత్త.

రిపోర్టులు చూసి మందులు రాసే అలవాటు మీద నేనెన్నోసార్లు విరుచుకుపడ్డాను. వయసు మళ్ళిన ఆడవాళ్ళకు, అందునా షుగరుంటే, ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా, చీము కణాలు కనిపించడం మామూలే. గర్భిణులు, మూత్రనాళాలకు ఆపరేషన్ కాబోయేవాళ్ళు వంటి కొద్దిమందికి తప్ప దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. 1956లో బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్యాస్ మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా అని గీత గీశాడు. ఆ గీత దాటకుండానే మంటతో అల్లాడేవాళ్ళున్నారని తర్వాత తేలింది. అంకెల సంగతి అంతే. అంతకన్నా అడగడం నయం. మంట ఉంది, మాటిమాటికీ పోవాల్సి వస్తోంది, తెల్లబట్ట గానీ దురద గానీ లేదు అని ఒక ఆడమనిషి చెబితే నూటికి తొంభై పాళ్ళు ఇన్ఫెక్షనేనని 2002లో జామా పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. పైసా ఖర్చు లేదు.

కానీ అడిగేదెవరు, చెప్పేదెవరు? ఉమ్రి పేరెత్తితే నాకు గుర్తొచ్చేది నాయనమ్మ. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచితే ఉమ్రి ఉన్న నాందేడ్ జిల్లా బొంబాయి వైపు పోయింది. మా వాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పెద్ద జబ్బయితే ధర్మాబాద్, బాసర మీదుగా నిజామాబాద్‌కు రైలు. చిన్నదయితే ఊళ్ళోని మరాఠీ డాక్టరే. నాయనమ్మకు మరాఠీ రాదు గనక బాబాయి పక్కన నిలబడి చెప్పేవాడు. తెల్లబట్ట అవుతోందా అని డాక్టరు అడిగితే బాబాయి నేల చూపులు చూసి, తల్లిని అడక్కుండానే లేదనేవాడు. ఆమె మాత్రం కన్న కొడుకు ముందు ఏం చెబుతుంది? వేడి చేసిందని ధనియాల నీళ్ళు, పల్లేరుకాయల కషాయం తాగుతూ రోజులు నెట్టింది. ఒక రాత్రి వణుకుతో జ్వరమొచ్చి నడుం పట్టేసేదాకా ఇన్ఫెక్షన్ కిడ్నీకెక్కిందని ఎవరికీ తెలియలేదు.

అందుకే నేను వెక్కిరించే, మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీకి ఉమ్రిలాంటి ఊళ్ళలో పని ఉందంటాను. ఈ-కోలై వంటి బ్యాక్టీరియా నైట్రేటును నైట్రైట్‌గా మారిస్తే పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. అందుకు మూత్రం కనీసం నాలుగు గంటలు లోపల నిలవాలి. పత్తి ఏరే ఆడవాళ్ళకు ఆ షరతు ఒక లెక్కా? చాటు దొరకదని నీళ్ళు కూడా తాగకుండా పొద్దంతా బిగబట్టుకునేవాళ్ళు వాళ్ళు. ఇన్ఫెక్షన్‌ను పిలిచేదీ ఆ అలవాటే.

కొడుకును బయట కూర్చోబెట్టి తెలుగు తెలిసిన నర్సమ్మ అడిగితే అన్నిటికన్నా మంచిది. అది కుదరనిచోట పట్టీ ఉండాలి. అయితే ఎంటరోకాకస్ వంటివి నైట్రైట్ చేయవు. రంగు మారలేదని మంటతో వచ్చినామెను వెనక్కి పంపకూడదు. జ్వరం, వణుకు ఉంటే రెండు రోజులు పట్టే కల్చర్‌కు పంపి తీరాలి, ఏ మందు పనిచేస్తుందో చెప్పేది అదే. ఆ ఫలితం కోసం కాచుకోకుండా మందు మొదలుపెట్టాలి. ల్యాబుల్ని ఇన్నేళ్ళు తిట్టిపోసినవాణ్ణే, తాలూకా దవాఖానాకొక కల్చర్ ల్యాబు పెట్టమని అడుగుతున్నాను.