చేపనూనె ఇంజనుకా? తోలుకా?

చేపల ప్రాసెసింగ్‌లో మిగిలే తలలు, పేగుల నూనెతో ఇంజన్లు నడపవచ్చునని తరచు చదువుతుంటాం. నిజమే. అలాస్కాలోని డచ్ హార్బర్‌లో 2001లో పొలాక్ చేపనూనెను డీజిల్‌లో కలిపి జనరేటరు నడిపారు. కాని ఇటువంటి వ్యాసాలు నూనె రసాయన స్వభావాన్ని విస్మరిస్తున్నాయి.

చేపనూనెలోని ఇ.పి.ఎ. ఆమ్లంలో 5, డి.హెచ్.ఎ.లో 6 ద్విబంధాలుంటాయి. మిథనాల్‌తో చర్య జరిపి బయోడీజిల్‌గా మార్చినా అవి పోవు. ఆక్సిజన్‌తో కలిసి నూనెను జిగురుగా మారుస్తాయి. అందుకే యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 14214, నాలుగు లేక అంతకుమించి ద్విబంధాలున్న ఎస్టర్లను 1 శాతానికి పరిమితం చేసింది.

ఇంజనుకు చేటైన ఈ గుణమే, అద్దాలు తుడిచే షామీ తోలు తయారీకి ఆధారం. చర్మానికి పట్టించిన నూనె ఆక్సీకరణం చెంది, పోగులతో బంధమేర్పరచుకుని మెత్తని తోలునిస్తుంది. వ్యర్థాల వినియోగాన్ని మెచ్చుకునేవారు ఏ నూనె ఏ పనికి తగునో కూడా పాఠకులకు చెప్పాలి.