పారిస్‌లో హైదరాబాద్, జన్వాడలో పాఠం

అంతర్జాతీయ సంబంధాల పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయంలో వాదాలు వరుసగా నిలబడి ఉంటాయి. వాస్తవికతావాదం, ఉదారవాదం, మార్క్సిస్టు దృక్పథం, నిర్మాణవాదం, స్త్రీవాదం. ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు పండితులు, నాలుగైదు లక్షణాలు, చివర విమర్శ. పిల్లలు వాటిని గ్రూప్స్ కోసం బట్టీ పడతారు, పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోతారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఏ ప్రశ్న వేధిస్తే ఈ ఆలోచనలు పుట్టాయో చెప్పకుండా జవాబులు మాత్రం చేతిలో పెడితే ఎవరికైనా అంతే.

జన్వాడలో ఆదివారం పూట డిగ్రీ పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతుంటాను. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఊళ్ల నుంచి వస్తారు. మొదటి నెల పాఠాన్ని ఏ వాదం పేరుతోనూ మొదలుపెట్టను. 1948 సెప్టెంబరుతో మొదలుపెడతాను. ‘రాజ్యమంటే ఏమిటి, దాన్ని రాజ్యమని ఎవరు తేల్చాలి’ అన్న ప్రశ్న ఆ నెలలో ప్రపంచ వేదిక మీదికి ఎక్కింది. ఎక్కించింది ఈ నేలే.

సంగతులు తెలిసినవే, కానీ వరుసలో పెట్టి చెప్పాలి. 1947 ఆగస్టు 15తో సంస్థానాల మీద బ్రిటిష్ పరమాధికారం రద్దయింది. నిజాం రెండు దేశాల్లో దేనిలోనూ చేరనన్నాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాది గడువున్న యథాతథ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి కదిలింది. 16న పారిస్‌లో మండలి ముందు హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున రామస్వామి మొదలియార్ వాదించారు. ఆ మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్టు పారిస్‌కు తంతి వెళ్లింది.

ఇక్కడ ఆపి, క్లాసునే భద్రతా మండలి చేస్తాను. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా తన వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చని చార్టరు 35వ అధికరణం చెబుతుంది. అయితే అది రాజ్యమై ఉండాలి. హైదరాబాద్‌కు ఆ అర్హతే లేదని మొదలియార్ వాదం. 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం రాజ్యానికి నాలుగు గుర్తులు చెప్పింది: స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం. పిల్లలు ఒక్కొక్కటే సరిచూస్తారు. జనాభా కోటీ అరవై లక్షల పైమాట. విస్తీర్ణం 82 వేల చదరపు మైళ్లు. సొంత హాలీ సిక్కా, సొంత రైళ్లు, సొంత తపాలా, సొంత సైన్యం. మొదటి మూడింటి దగ్గర పెద్ద పేచీ ఉండదు. నాలుగోదాని దగ్గర గొడవ మొదలవుతుంది. యథాతథ ఒప్పందంతో విదేశీ వ్యవహారాలను ఢిల్లీకి అప్పగించిన ప్రభుత్వానికి ఆ సామర్థ్యం ఉన్నట్టా, లేనట్టా?

మొదటి ఓటింగులో దాదాపు అందరూ ‘హైదరాబాద్ రాజ్యం కాదు’ అనే చేతులెత్తుతారు. రజాకార్ల జమానా గురించి ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలు మరి. ఒకసారి ఒకమ్మాయి లేచి అడిగింది: “సార్, మనం కాదంటున్నది నిజాం పాలన మనకు నచ్చకనా, చట్టం కాదంటదనా?” నా పాఠమంతా ఆ ప్రశ్న కోసమే. తీర్పుకూ ఇష్టానికీ మధ్య ఎడం కనిపించాక, సిద్ధాంతం ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర లేదు.

అప్పుడు కెన్నెత్ వాల్ట్జ్‌ను పిలుస్తాను. యుద్ధానికి కారణాలను మూడు అంతస్తుల్లో వెతకాలని ఆయన 1959లో రాశాడు: మనుషుల్లో, రాజ్యాల లోపలి నిర్మాణంలో, రాజ్యాల మధ్య వ్యవస్థలో. క్లాసు మూడు జట్లవుతుంది. మొదటి జట్టు నిజాం, రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ, నెహ్రూ, పటేల్ స్వభావాలను తవ్వుతుంది. రెండో జట్టు జాగీర్దారీ వ్యవస్థను, స్వామి రామానంద తీర్థ నడిపిన స్టేట్ కాంగ్రెస్‌ను, కమ్యూనిస్టుల సాయుధ పోరాటాన్ని పట్టుకుంటుంది. మూడో జట్టుకు పటం ఒక్కటే ఇస్తాను. నాలుగు వైపులా భారతదేశం, సముద్రం లేదు, తుపాకులు కావాలంటే సిడ్నీ కాటన్ లాంటి పైలట్ దొంగచాటుగా విమానంలో తేవాలి. బ్రిటన్‌లో చర్చిల్ ఎంత గొంతు చించుకున్నా ఆయన అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నాడు. జూన్ నుంచి బెర్లిన్ దిగ్బంధం, పెద్ద రాజ్యాల చూపంతా అటే. ఈ పటం చూశాక మూడో జట్టు పిల్లలు, “ఎవరు గద్దె మీద ఉన్నా ఇదే జరిగేది” అంటారు. మొదటి జట్టు ఒప్పుకోదు. నిజాం ఇంకెవరి మాటైనా విని ఉంటే రక్తం పారేది కాదంటారు. ఆ వాదులాటను నేను తేల్చను. వాస్తవికతావాదానికి మూలగ్రంథంగా చెప్పే హాన్స్ మోర్గెంతావ్ ‘పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్’ అచ్చయింది కూడా 1948లోనే అని మాత్రం చెబుతాను. ఆ పుస్తకంలోని మాటలు ఏ కాలపు గాలి పీల్చాయో అప్పుడు తెలుస్తుంది.

రాజ్యాల పైన మరో అధికారం లేకపోవడమన్న భావన ఈ సబ్జెక్టుకు ఇరుసు. దాన్ని చెప్పడానికి నీళ్లకు మించిన దారి నాకు దొరకలేదు. మా పిల్లలకు నీళ్ల రాజకీయం కొత్త కాదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు గీసింది. ఎగువవాడి మీద ఆంక్ష, దిగువవాడికి తాగునీరు అన్న తూకం వాళ్ల భూముల ధరల్లోనే కనిపిస్తుంది. అక్కడి నుంచి కృష్ణకు వెళతాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎంత పోట్లాడుకున్నా ట్రిబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది, కేంద్రం ఉంది. ఆ తర్వాత సింధు. 1960లో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందం యుద్ధాలను కూడా తట్టుకుని నిలిచింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న భారత్ దాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. “మనకంటే పైన కోర్టు ఉంది, వాళ్లిద్దరికీ పైన ఎవరున్నరు?” అని ఒక పిల్లవాడు అడిగితే, పక్కవాడు, “మరి అరవై ఏళ్లకు పైగా ఎట్ల నడిచింది?” అన్నాడు. మొదటి ప్రశ్న వాస్తవికవాదులది, రెండోది కియోహేన్, నై లాంటి ఉదారవాదులది. ఆ పేర్లు అప్పుడు చెబితే పిల్లలకు గుర్తుంటాయి, తమ ప్రశ్నకు పేరు దొరికింది కాబట్టి.

చిలుకూరు బాలాజీ గుడి మాకు దగ్గరే. 11 ప్రదక్షిణలు చేసి వీసా మొక్కుకునేవాళ్లలో మా విద్యార్థుల అన్నలూ అక్కలూ ఉన్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు, ఒక రాజ్యం సంతకం ఇంకో దేశంలోని పల్లె ఇంట్లో పెళ్లి సంబంధాన్ని కూడా కదిలించగలదని నేను వివరించాల్సిన పని పడలేదు. అయితే వలస అంటే అమెరికా ఒక్కటే కాదని గట్టిగా చెబుతాను. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలను లెక్కలోకి తేకుండా గల్ఫ్‌తో మన సంబంధాలు అర్థం కావు. అంతర్జాతీయ రాజకీయాల్లో స్త్రీలు ఎక్కడున్నారని 1989లో సింథియా ఎన్లో వేసిన ప్రశ్నకు మన దగ్గర ఇంతకంటే సూటి ఉదాహరణ లేదు.

నెల చివర మళ్లీ 1948కి వస్తాం. ఈసారి సుందర్‌లాల్ కమిటీ నివేదికతో. పోలీస్ యాక్షన్ అని పిలిచే ఆ సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా సంస్థానంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రజాకార్ల చేతుల్లో చచ్చినవాళ్ల గురించి విన్న పిల్లలు, ఆ తర్వాత చచ్చిన ముస్లింల గురించి చాలామంది మొదటిసారి వింటారు. క్లాసు బరువెక్కుతుంది, ఎక్కాలి కూడా. భద్రత అన్న మాట వాడినప్పుడల్లా ఎవరి భద్రత అని అడగడం నేర్పకపోతే, మిగతా పాఠమంతా చదరంగంగా మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో నేను తటస్థంగా ఉండను.

చివరి అభ్యాసం ఒక విన్నపం రాయడం. పారిస్‌లో నిజాం తరఫున ఒకరు మాట్లాడారు, ఢిల్లీ తరఫున ఒకరు మాట్లాడారు. వెట్టికి ఎదురు తిరిగిన రైతు, ఇల్లు తగలబడిన ముస్లిం కుటుంబం అదే మండలికి రాసుకుంటే ఏమని రాస్తారు? పిల్లలు రాస్తారు. తర్వాత 35వ అధికరణం తీసి చూస్తారు. అక్కడ ఫిర్యాదు రాజ్యాలే చేయాలి. చార్టరు ప్రవేశికేమో ప్రజల పేరుతో మొదలవుతుంది. ఈ రెంటికీ పొత్తు ఎలాగని అడుగుతారు. అందుకే ఆ తర్వాతి ఆదివారం పాఠం మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన. దాన్ని ఆమోదించింది కూడా పారిస్‌లోనే, 1948 డిసెంబరు 10న, హైదరాబాద్ ఫిర్యాదు విన్న మూడు నెలల లోపే.