గోదావరి మొగలయందు సముద్రగర్భ పటరచన

భూమిని కొలుచువాడు తాను కొలిచిన నేలను మరల కన్నులార చూచుకొనగలడు. సముద్రమును కొలుచువాడు మాత్రము తానెన్నడును చూడని నేలను, ఊగుచున్న ఓడపై నిలిచి, పరుల ప్రాణములకు తాను పూటపడి చిత్రింపవలసియుండును. ఈ విద్య విలువను మన గోదావరి మొగలు చక్కగా బోధింపగలవు.

పదునెనిమిదవ శతాబ్ది చివర మైకేల్ టాపింగు అను సర్వేయరు ఈ తీరమును కొలుచుటకు పాటుపడి, 1796లో మచిలీపట్నమున జ్వరముతో కన్నుమూసెను. ఆ కృషి అటుపిమ్మటను ఎంత ఆవశ్యకమో ఒక దుర్ఘటన తేటపరచినది. 1867 జూన్ 19న ‘శాక్రమెంటో’ అను అమెరికా యుద్ధనౌక గోదావరి మొగ సమీపమున మెరకకు తగిలి భగ్నమయ్యెను. నావికులు బ్రతికిరి గాని నౌక దక్కలేదు. దాని పేరు మాత్రము ఇక్కడి దీపస్తంభమునకు నిలిచినది. 1874లో కలకత్తాయందు సముద్ర సర్వే శాఖ వెలసెను. నేడు డెహ్రాడూన్‌లోని జాతీయ సముద్రపటరచన కార్యాలయము ఆ పనినే నిర్వహించుచున్నది.

పూర్వులకు ముఖ్యసాధనము సీసపుగుండు. బారల గుర్తులుగల త్రాటికి దానిని కట్టి దింపి లోతు చూచెడివారు. గుండు అడుగు గుంటలో కొవ్వు కూరి, దానికంటి వచ్చిన ఇసుకనో బురదనో చూచి అడుగునేల స్వభావమును నిర్ణయించెడివారు. లోతు తెలిసినంతనే చాలదు, ఆ లోతు ఏ తావుదో తెలియవలెను గనుక, ఒడ్డున కానవచ్చు మూడు గుర్తుల నడిమి కోణములను సెక్స్‌టాంటుతో కొలిచి పడవయున్న చోటును పటముపై నిలిపెడివారు. అంతట తీరమున కొలబద్ద నాటి, ఆటుపోటుల మట్టమును వ్రాసికొని, లోతులన్నిటిని మిక్కిలి తగ్గిన పాటునాటి మట్టమునకు సరిపుచ్చెడివారు. పటములోని అంకెను నమ్మిన సరంగు మోసపోకుండుటకే ఈ జాగ్రత్త.

నేడు గుండుకు మారుగా ధ్వని దిగుచున్నది. అది సముద్రజలమున సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. పోయివచ్చిన కాలములో సగమునుబట్టి లోతు తేలును. అయితే వరదనాడు ఉప్పునీటిపై మంచినీరు పరచుకొనినప్పుడు ధ్వనివేగము పొరపొరకును మారును. ఆ మార్పును కొలువక వ్రాసిన లోతు నమ్మదగినది కాదు.

కొలతకు కలుగు అడ్డంకి తావుతావునకు వేరు. ఉత్తరధ్రువ సముద్రమున 1893–96 నడుమ ‘ఫ్రామ్’ ఓడపై చరించిన నార్వే అన్వేషకుడు నాన్సెన్, తెచ్చుకొన్న కొలతత్రాళ్లు అడుగంటకపోగా, ఉక్కుత్రాటి పురులు విప్పి కొత్త త్రాడు పేనించి, 3,000 మీటర్లకు మించిన లోతును కనుగొనెను. అచ్చట మంచుగడ్డ కొలతకు అడ్డుపడును. ఇచ్చట ఒండ్రు కొలిచినదానినే చెరిపివేయును. కాకినాడ అఖాతమునకు అడ్డుకట్టయైన హోప్ ఐలాండు గోదావరి ఒండ్రుతోనే గడచిన రెండు శతాబ్దములలో పెరిగినది. కావుననే మన తీరపటము ఒకమారు వ్రాసి దాచుకొనదగినది కాదు, మరల మరల కొలిచి దిద్దుకొనదగినది.

ఇట్టి పనికే 2024 ఫిబ్రవరి 3న విశాఖపట్నమున ‘సంధాయక్’ అను నూతన సర్వే నౌక నౌకాదళ సేవలో ప్రవేశించినది. ఆ పేరుగల పూర్వనౌక 1981 నుండి 2021 వరకు సేవ చేసినది. కొలిచినదానినే వ్రాయుట, కొలువని తావును కొలువలేదని ఒప్పుకొనుట ఈ విద్యకు ప్రాణము. మొగల మెరకలను తరతరములుగా ఎరిగిన మన బెస్తబిడ్డలు గణితము నేర్చి ఈ వృత్తిలో ప్రవేశింతురుగాక. వారి చదువునకు పాఠశాలలును ప్రభుత్వమును దారి చూపవలెను.