ఒక్క సంతకంతో ఆగే యుద్ధమేది?

ఇటీవల కొత్తగూడలో జరిగిన కథాగోష్ఠిలో ఒక యువ రచయిత చదివిన కథ మా మధ్య తీవ్రమైన చర్చకు దారితీసింది. కథ ఇంకా అచ్చు కాలేదు కనుక పేర్లు చెప్పడం లేదు. ఇతివృత్తం ఇది: 1947 ఆగస్టులో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ భారత యూనియన్‌లో విలీనానికి సంతకం చేస్తాడు. దానితో రజాకార్ల దాడులు ఉండవు, పోలీసు చర్య రాదు, సంస్థానంలో నెత్తురు చిందదు. చివరి దృశ్యంలో ఒక దేశ్‌ముఖ్ మనుమడు, ఒక ముస్లిం ఉద్యోగి మనుమడు కొత్తగూడ చౌరస్తాలో కలిసి చాయ్ తాగి, హైటెక్ సిటీలోని ఒకే ఆఫీసుకు వెళతారు.

జరగని చరిత్రను రాయడం పలాయనవాదమని కొందరు మిత్రులు కొట్టిపారేశారు. ఈ తీర్పుతో నేను ఏకీభవించను. జరిగినదంతా అనివార్యమేనని చెప్పడం చారిత్రక దృష్టి కాదు, అది కర్మసిద్ధాంతానికి మారుపేరు. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. యథాతథ ఒప్పందం ముసాయిదాతో ఢిల్లీకి బయలుదేరవలసిన ప్రతినిధుల ఇళ్లను ఇత్తెహాదుల్ గుంపులు చుట్టుముట్టాయి. నిజాం వెనక్కి తగ్గాడు, ప్రధాని ఛత్తారీ నవాబు రాజీనామా చేశాడు. నవంబరు 29న నిజాం సంతకం చేసింది దాదాపు అదే ఒప్పందం మీద. కాని ఆ నెల రోజుల్లో రాజ్యం పగ్గాలు ఖాసిం రజ్వీ వైపు జారిపోయాయి.

ఆ తరువాతి మూల్యం మనకు తెలిసిందే. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపారు. అదే నెలలో భైరాన్‌పల్లి నెత్తుటి మడుగైంది. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సైనిక చర్య. ఆ వెనుక, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో, ముస్లింల ఊచకోత. మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఈ చావుల్లో ఎన్నింటినో ఒక పాలకుడి వివేకం ఆపగలిగి ఉండేది. ఆ దుఃఖాన్ని ఈ రచయిత గుర్తించాడు. మన అభ్యుదయ సాహిత్యం ఈ మృతుల గురించి మాట్లాడింది తక్కువ. అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

అయితే కథలోని లోపం కూడా ఇక్కడే ఉంది. దొడ్డి కొమురయ్య కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు నేలకొరిగింది 1946 జూలై 4న. అంటే కథలోని సంతకానికి పదమూడు నెలల ముందే తెలంగాణ పల్లెల్లో యుద్ధం మొదలైంది. అది ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య యుద్ధం కాదు, గడీకీ గుడిసెకూ మధ్య యుద్ధం. దాన్ని ఏ విలీన పత్రం ఆపుతుంది?

ఈ ప్రశ్నకు చరిత్రే జవాబు చెప్పింది. 1948 సెప్టెంబరుతో నిజాంకూ యూనియన్‌కూ తగాదా తీరింది. 1950లో ఆయన రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. మరి పల్లెల్లో తుపాకులు ఆగాయా? రజాకార్లను అణచడానికి వచ్చిన సైన్యమే రైతుల మీదికి మళ్లింది. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు. రాజు రాజీపడ్డాడు, భూమి సమస్య రాజీపడలేదు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. 1860 డిసెంబరులో అమెరికా అంతర్యుద్ధాన్ని తప్పించడానికి సెనేటర్ క్రిటెండెన్ ఒక రాజీ ప్రతిపాదించాడు. దక్షిణాన బానిసత్వానికి శాశ్వత రక్షణ ఇవ్వడమే దాని సారం. లింకన్ బానిసత్వ విస్తరణకు ఒప్పుకోలేదు. ఒప్పుకొని ఉంటే యుద్ధం తప్పేదేమో! అప్పుడు దాదాపు 40 లక్షల మంది బానిసలు ఆ శాంతికి వెల చెల్లిస్తూ ఉండేవారు. కనుక యుద్ధం తప్పించిన నాయకుడి కథ ఎవరు రాసినా, మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఆ శాంతి ఎవరి ఖర్చుతో?

వస్తువులోని ఈ లోపమే శిల్పంలోనూ బయటపడింది. కథలో పేరున్న పాత్రలన్నీ కింగ్‌కోఠీలోనో ఢిల్లీలోనో ఉన్నాయి. వెట్టి చేసే మనిషికి పేరు లేదు, మాట లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లోను, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లోను రాజు ఎక్కడో దూరాన ఉంటాడు, దొర మాత్రం గుమ్మంలోనే ఉంటాడు. పల్లెలో అధికారం నిజస్వరూపం అదే. ఈ కథకుడు రాజు చేతిలో కలం వణకడాన్ని ఎంతో శ్రద్ధగా వర్ణించాడు. సంతకం వార్త ఊరికి చేరిన మర్నాడు గడీ ముందు వెట్టి పిలుపు ఆగిందా లేదా అన్నది మాత్రం రాయలేదు. అసలు కథ అక్కడుంది.

చివరి దృశ్యం మాటకొస్తే, ఆ చౌరస్తాకు దగ్గరలోనే నేను పాఠాలు చెబుతాను. నా తరగతిలో పాలమూరు నుంచి వలస వచ్చి ఈ అద్దాల మేడలకు ఇటుకలు మోసినవారి పిల్లలున్నారు. కథలో దేశ్‌ముఖ్ మనుమడున్నాడు, ఉద్యోగి మనుమడున్నాడు. ఈ పిల్లల తాత లేడు, వీళ్లూ లేరు. జరగని చరిత్రలో కూడా వీరికి చోటు దొరకకపోతే అది ఊహాశక్తి లోపం కాదు, దృక్పథ లోపం.

ఈ యువ రచయితకు నా సూచన ఒకటే. కథను పారేయవద్దు, తిరిగి రాయాలి. రాజుతో సంతకం చేయించినంత మాత్రాన సరిపోదు. దున్నేవాడి చేతికి పట్టా కూడా రావాలి. అప్పుడే ఆగిన యుద్ధం నిజంగా ఆగినట్టు.