దుమ్ములో కరిగే వీధి

పొద్దు వాలే వేళ కోయిలకుంట్ల బజారులో నిలబడితే వీధి చివర కనబడదు. ఒక్క లారీ పోతే చాలు, వెనకాల లేచిన దుమ్ములో ఎండ దూరి అంగళ్లూ మనుషులూ మిద్దెలూ ఒకటే గంధం రంగులోకి కరిగిపోతాయి. తైలవర్ణాలతో వేసే వీధి బొమ్మ వానా మంచూ ఉన్న ఊళ్లకే అచ్చొస్తుందనుకునేవాళ్లు ఈ గడియ చూడాలి. అక్కడ మంచు చేసే పని ఇక్కడ దుమ్ము చేస్తుంది. కాకపోతే మంచులో దూరం నీలంగా చల్లబడుతుంది. పొద్దుకు ఎదురుగా చూస్తే దుమ్ములో దూరం పసుపుపచ్చగా వెచ్చబడుతుంది. ఇది గమనించక దూరాన నీలం పూశామా, అది మన ఊరు కాకుండా పోతుంది.

కాన్వాసును తెల్లగా వదలకూడదు. టర్పెంటైన్‌తో పలచన చేసిన బర్న్ట్ సియెన్నాను ముందే గుడ్డతో రుద్దేయాలి. పైపూతల సందుల్లోంచి అది చివరిదాకా తొంగిచూస్తూ వీధినంతా ఒకే ఎండ కింద ఉంచుతుంది. తర్వాత కళ్లు సగం మూసి చూడాలి. బోర్డుల మీది అక్షరాలు, కరెంటు తీగలు, కిటికీ ఊచలు మాయమై వెలుగుగా ఆకాశం, నడిమి ఛాయలో నేల, నీడలో మిద్దెలు మిగులుతాయి. ఆ మూడూ కుదిరితే సగం బొమ్మ అయినట్టే.

నాపరాయి బూడిద రంగుకు నలుపు ముట్టుకోవద్దు. అల్ట్రామెరైన్ నీలంలో సియెన్నా కలపాలి. నీలం ఎక్కువైతే నీడలోని బండ, సియెన్నా ఎక్కువైతే ఎండ తగిలిన బండ. దుమ్ముకు యెల్లో ఓకర్. అది పరాయి రంగేమీ కాదు, బేతంచెర్ల వైపు గనుల్లో తవ్వే పసుపు మట్టి జాతిదే.

తైలవర్ణాల్లోని అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టి మెల్లగా గట్టిపడుతుంది, దానికి రోజులు పడతాయి. ఆ ఆలస్యమే చిత్రకారుడికి వరం. రంగు తడిగా ఉండగానే మిద్దెకూ ఆకాశానికీ నడుమ పొడి కుంచె ఒక్కసారి లాగితే గీత చెరిగి, ఆ చోటికి గాలి వస్తుంది. అన్ని అంచులూ చెరిపితే మాత్రం బొమ్మ బురదే. చూపు ఆగాల్సిన చోట, ఆటో అద్దం మీది మెరుపులాంటిది ఒక్కటి, పదునుగా నిలవాలి.

1897లో చిత్రకారుడు కమిల్ పిస్సారో కంటి జబ్బుతో బయట కూర్చోలేక, పారిస్‌లో హోటల్ గది కిటికీలోంచి మోమార్త్ర్ బులెవార్‌ను 14 బొమ్మలుగా వేశాడు. జనమంతా కుంచె చుక్కలే, అయినా రద్దీ తెలుస్తుంది. ఆయన్ను జబ్బు లోపలికి తోస్తే, మనల్ని ఏప్రిల్ ఎండే తోస్తుంది. పైగా బయట తడి రంగు మీద దుమ్ము వాలుతుంది.

కుంపిణీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన ఊరు కోయిలకుంట్ల. ఇక్కడి బొమ్మలో అందరూ ఆయన్నే వెతుకుతారు, వెతకాలి కూడా. కానీ ఈ ఊరి మామూలు సాయంత్రానికీ ఒక కాన్వాసు దక్కాలని నా ఆశ.

మనిషికి మూడు పూతలు చాలు. చుక్కంత తల, వెడల్పుగా భుజాలు, కిందికి సన్నబడుతూ నేలలో కలిసిపోయే ఒళ్లు. ఒకసారి నా వెనక నిలబడిన పెద్దాయన, “ఏం నాయనా, మనుషులకు మొగాలే పెట్టల్యా?” అన్నాడు. కాసేపు చూసి మళ్లీ తనే, “ఆ మూల పోతాండేది పాలాయప్ప గదా? ఆ వంగుడు ఆయప్పదే” అన్నాడు.

ఆ పూతను నేను మళ్లీ ముట్టుకోలేదు.