తాళంచెవి ఎవరి జేబు కోసం?

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ పేరు చెప్పగానే మనకి 'ద యెల్లో వాల్‌పేపర్' (1892) గుర్తొస్తుంది. ఇంగ్లీషు ఎం.ఏ. సిలబస్‌లలో స్థిరపడిపోయిన కథ అది. ఆవిడే 1914లో రాసిన 'ఇఫ్ ఐ వర్ ఎ మ్యాన్' కథని మాత్రం అంతగా పట్టించుకోం. చిన్న కథ, కాస్త నవ్వించే కథ అని పక్కన పెట్టేస్తాం. ఈమధ్య నాకు ఆ కథ మళ్ళీ తీసి చదవాలనిపించింది. కారణం సాహిత్య చర్చ ఏదీ కాదు, కారు తాళంచెవి.

ఇప్పటి కార్ల తాళంచెవులు చూసే ఉంటారు. పళ్ళున్న సన్నటి ఇనప రేకు పోయి సబ్బుబిళ్ళ లాంటి నల్లటి ప్లాస్టిక్ ముద్ద వచ్చింది. పట్టుకుంటే గుప్పెడు నిండిపోతుంది. కారు తీసుకున్న రోజున షోరూమ్ కుర్రాడు ఎంతో మర్యాదగా వివరించాడు. "ఇంక తాళం తీయాల్సిన పనే లేదు మేడమ్. కీ మీ జేబులో ఉంటే చాలు, హ్యాండిల్ మీద బటన్ నొక్కితే డోర్ తెరుచుకుంటుంది." నేను ఆరోజు నేత చీర కట్టుకుని ఉన్నాను. అతను చెబుతున్న జేబు ఎక్కడుందా అని ఇద్దరం ఒక్క క్షణం వెతుక్కున్నట్టే అయింది. అతనిలో చెడ్డతనమేమీ లేదు. అతను నేర్చుకున్న వాక్యంలోనే ఒక జేబు ఉంది.

ప్రతి రచనా తనకి కావలసిన పాఠకుణ్ణి తనలోనే ఊహించి పెట్టుకుంటుందని వోల్ఫ్‌గాంగ్ ఈజర్ అన్నాడు. ఆ పాఠకుడు మగవాడేననీ, అమెరికన్ నవల చదివే స్త్రీ తనకి వ్యతిరేకంగా తానే నిలబడి చదవాల్సివస్తోందనీ జుడిత్ ఫెటర్లీ 1978లో 'ద రెసిస్టింగ్ రీడర్'లో చూపించింది. పుస్తకానికి పనికొచ్చిన ఈ ప్రశ్న వస్తువుకి ఎందుకు పనికిరాదు? కారు తాళంచెవి కూడా తనని మోసే మనిషిని ముందే ఊహించుకుంది. ఆ మనిషికి ప్యాంటు ఉంది. ప్యాంటుకి లోతైన జేబు ఉంది.

ఎందుకింత లావు అని అడిగితే జవాబులున్నాయి. లోపల సర్క్యూట్ బోర్డు, కారు పంపే తక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతాన్ని (ఎక్కువగా 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో) అందుకునే రాగితీగ చుట్టలు, తిరిగి జవాబు పంపే ట్రాన్స్‌మిటర్. చాలావాటిలో సి.ఆర్. 2032 రకం గుండ్రటి బ్యాటరీ, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. బ్యాటరీ అయిపోతే తలుపు తీయడానికి పాతకాలపు ఇనప తాళంచెవి ఒకటి పొట్టలో దాగి ఉంటుంది. కొంత మందం తప్పదు, ఒప్పుకుంటాను. కానీ రెనో కంపెనీ 2001 ప్రాంతంలోనే లగూనా కారుకి చదునైన కార్డు ఇచ్చింది. 2017లో టెస్లా మోడల్ 3కి బ్యాంకు కార్డులాంటిదే ఇచ్చింది (దాన్ని కారుకి ఆనించాలి, అది వేరే సంగతి). అంటే ఈ లావంతా భౌతికశాస్త్రం ఆజ్ఞ కాదు. క్రోమ్ అంచూ, కంపెనీ గుర్తూ, చేతిలో బరువు తెలియాలన్న కోరికా, టేబుల్ మీద పడేస్తే పదిమందికీ కనబడాలన్న ముచ్చటా అందులో ఉన్నాయి. జేబులో ఉబ్బెత్తుగా ఉన్నా అది హోదాగానే చెల్లుతుంది.

ఇప్పుడు గిల్మన్ కథ చూద్దాం. మాలీ మాథ్యూసన్ అందరూ మెచ్చే భార్య. భర్త మీద అలిగి, నేను మగవాడినైతే ఎంత బావుణ్ణు అనుకుంటుంది. మరుక్షణం భర్త జెరాల్డ్ అయిపోయి ఇంట్లోంచి బయటికి నడుస్తూ ఉంటుంది. ఇక్కడ గిల్మన్ ఏ ఓటు హక్కు గురించో ఉపన్యాసం ఇస్తుందనుకుంటాం. ఆవిడ ముందు కాళ్ళకి సరిపోయిన బూట్ల గురించి చెబుతుంది, తర్వాత జేబుల గురించి. ఆ జేబులు మాలీకి కొత్తవి కావు. భార్యగా వాటిని లెక్కపెట్టింది, వాటి మీద జోకులేసింది, చిరిగితే కుట్టింది, అసూయా పడింది. వాటిని *ధరించడం* ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. కథలో నాకు అన్నిటికన్నా పదునుగా అనిపించేది ఇదే. చిరిగిన జేబు కుట్టే మనిషికే జేబు లేదు.

రైల్లో పేపరు అడ్డం పెట్టుకుని ఆమె మనసు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి తిరుగుతుంది. పెన్ను, తాళాలు, ఉత్తరాలు, చెక్కుబుక్కు, డబ్బు. అడగక్కర్లేని, బతిమాలక్కర్లేని డబ్బు. అన్నీ చేతికందేంత దూరంలో ఉండడమే ఒక కవచంలా తోస్తుంది ఆమెకి. గిల్మన్ ఆర్థిక సిద్ధాంతమంతా (1898లో ఆవిడ 'విమెన్ అండ్ ఎకనామిక్స్' రాసింది) ఈ ఒక్క పేరాలో సర్దుకుని కూర్చుంది. కథ నాకు అసంతృప్తి మిగిల్చేది చివర్లో. మాలీ రోజంతా జెరాల్డ్ లోపలే ఉండి నేర్చుకుంటూ ఉంటుంది. జేబుల్లేని తన ఒంట్లోకి తిరిగొచ్చాక ఏమైందో ఆవిడ రాయలేదు. జేబు కావాలంటే మగవాడివైపో అన్నట్టుగా కథ ఆగిపోతుంది. గిల్మన్ ఊహించిన స్వేచ్ఛ తెల్లవాళ్ళ స్వేచ్ఛ అన్న విమర్శ ఎలాగూ ఉంది. ఆవిడ జాత్యహంకార రాతలు తెలిసినవాళ్ళెవరూ దాన్ని కాదనరు.

అదే గిల్మన్ 'యెల్లో వాల్‌పేపర్' చివర్లో కథానాయిక చేత గది తలుపు వేయించి తాళంచెవిని కిటికీలోంచి బయటికి విసిరేయిస్తుంది. డాక్టరైన భర్త మెట్ల దగ్గర ఆకు కింద వెతుక్కోవాల్సి వస్తుంది. 1892లో విసిరేసిన తాళంచెవి 1914కి జేబులోకి చేరింది, అయితే అరువు జేబులోకి. ఇంతకు ముందే, 1879లో, ఇబ్సెన్ నోరాకి ఉత్తరాల పెట్టె తాళంచెవి లేదు. అది టోర్వాల్డ్ దగ్గరే ఉంటుంది. ఆ తాళంలో విరిగిన హెయిర్‌పిన్ ముక్క దొరుకుతుంది, నోరాది. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఆమె ఇంటి తాళాలు అప్పగించే వెళ్తుంది. తలుపు చప్పుడు మీద ఎన్నో వ్యాసాలొచ్చాయి గానీ, ఆ తాళాల అప్పగింత మీద ఇంకా రాయాల్సింది ఉంది.

మన దగ్గర తాళాలు జేబులో కాదు, నడుముకుండేవి. మా అమ్మమ్మ బొడ్లో వెండి కొక్కేనికి తగిలించిన గుత్తి ఉండేది. ఆ చప్పుణ్ణి బట్టి ఆవిడ ఏ గదిలో ఉందో చెప్పగలిగేవాళ్ళం. దీన్ని తలుచుకుని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. తాళం ఆవిడది, పెట్టె తాతయ్యది. పెట్టెలోని దస్తావేజుల్లో ఆవిడ పేరు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు రావడానికి 1986 నాటి సవరణ చట్టం దాకా ఆగాలి. అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఆ గుత్తి ఆవిడ ఒంటికి తగ్గట్టు ఉండేది. మోండా మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె రొండిన దోపుకునే గుడ్డసంచీ ఇప్పటికీ ఆమె ఒంటికి తగ్గట్టే ఉంటుంది, లాగాల్సినప్పుడు లాగేంత దగ్గరగా. ఇంగ్లీషు స్త్రీలు 19వ శతాబ్దం దాకా గౌను కింద నడుముకి విడిగా జేబులు కట్టుకునేవారని బార్బరా బర్మన్, ఏరియన్ ఫెనెటో 2019లో వచ్చిన 'ద పాకెట్' పుస్తకంలో ఎంతో శ్రద్ధగా రాశారు. రెండూ ఒకే కోవలోవి.

"హ్యాండ్‌బ్యాగు ఉందిగా" అంటారు. ఉంది. అందులో మా ఇల్లంతా ఉంది. అమెరికాలో అమ్మే చాలా కార్ల కీల మీద ప్రమాదంలో నొక్కడానికి ఎర్రటి పానిక్ బటన్ ఉంటుంది. చీకటి పార్కింగ్‌లో ఎవరో వెనక నడుస్తున్నప్పుడు టిఫిన్ బాక్సు కిందా, పరీక్ష పేపర్ల కిందా ఉన్న బటన్ ఎవరిని కాపాడుతుంది? జీన్స్ వేసుకోండి అంటారేమో. 2018లో 'ద పుడింగ్' అనే అమెరికన్ పత్రిక 80 జీన్స్ కొలిచి, ఆడవాళ్ళ ముందు జేబులు మగవాళ్ళవాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా ఉన్నాయని తేల్చింది. జేబు చిన్నదవుతూ, కీ పెద్దదవుతూ వచ్చాయి. కుట్టేవాళ్ళూ, అచ్చుపోసేవాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకోనక్కర్లేదు, ఇద్దరి ఊహలోనూ ఉన్నది ఒకే మనిషి.

2004లో జెనీవా ప్రదర్శనలో వోల్వో ఒక నమూనా కారు పెట్టింది, వై.సి.సి. అని. రూపకల్పన బాధ్యతంతా ఆడవాళ్ళదే. రెండు ముందు సీట్ల మధ్య తాళాలకీ, ఫోనుకీ పల్చటి అర, దాన్ని వెనక్కి జరిపితే హ్యాండ్‌బ్యాగు పట్టేంత లోతైన అర. జడకి చోటుండేలా సీటు తలగడలో గాడి కూడా పెట్టారు. జడ సంగతి పత్రికలు తెగ ముచ్చటపడి రాశాయి. ఆ కారు మార్కెట్లోకి రాలేదు. మన స్త్రీవాద కవిత్వం వంటింటినీ, పైటనీ రాజకీయం చేసింది. విమల, జయప్రభ ఆ పని చేశాక అవి మామూలు వస్తువులుగా మిగల్లేదు. జేబుని ఇంకా ఎవరో అలా పట్టుకోవాలి.

కారుతో పాటు సాధారణంగా రెండు కీలిస్తారు. నాకు తెలిసిన ఇళ్ళల్లో ఒకటి ఆయన ప్యాంటు జేబులో ఉంటుంది. రెండోది, పోతే మళ్ళీ చేయించడానికి వేలకి వేలవుతుందని, బీరువాలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఆమె పేరున ఉన్న ఇళ్ళల్లో కూడా ఇంతే. లెక్చరరుగా పనిచేసే నా స్నేహితురాలొకామె ఈ మధ్య బీరువాలోంచి ఆ రెండో కీ తీసింది. దాన్ని బయటికి తీయకుండానే తలుపు తెరుచుకుంటుంది కదా, చీర కిందున్నా ఫరవాలేదని లంగాకి జేబు పెట్టించుకోవడానికి టైలర్ దగ్గరికి వెళ్ళింది. కొలత కోసం కీ బల్ల మీద పెడితే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత లోతు పెట్టాలా అమ్మా?" అన్నాడట. పెట్టమంది.